మనం పంపే కబురు ఎవరి ప్రాణం మీదికి?

ఆదివారం ఆరాధన ముగిసి, ఇంటికొచ్చి భోజనానికి కూర్చునేలోపే మన ఫోన్ నాలుగుసార్లు మోగుతుంది. సంఘం గ్రూపులో ఒక ప్రార్థన మనవి. స్త్రీల కూటం గ్రూపులో ఒక వాగ్దాన వచనం. కాలనీ గ్రూపులో మంచినీళ్ల ట్యాంకర్ కబురు. దాని వెనకే ఒక హెచ్చరిక: ‘మన ఏరియాలో ముఠా దిగింది, పిల్లలు జాగ్రత్త, తెలిసినవాళ్లందరికీ పంపండి.’ వాగ్దాన వచనాన్ని ఏ వేలితో పంపామో ఆ వేలితోనే ఈ హెచ్చరికనూ పంపేస్తాం. ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు అని అడగం. నిజమైతే నలుగురికి మేలు చేసినవాళ్లమవుతాం, అబద్ధమైతే పోయేదేముంది అన్నది మన లెక్క. పోయేదేమిటో 2018లో మన రాష్ట్రాలు కళ్లారా చూశాయి.

ఆ వేసవిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పల్లె పల్లెకూ ఒకటే మాట పాకింది. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయట, పార్థీ గ్యాంగ్ వచ్చిందట! ఆ మే నెలాఖరులో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని పిల్లల కోసం వచ్చారని అనుమానించి గుంపు కొట్టి చంపింది. అదే నెలలో తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లాలో, గుడికి వెళ్తూ దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన 65 ఏళ్ల వృద్ధురాలు అలాగే ప్రాణాలు పోగొట్టుకున్నారు. జూలై 13న హైదరాబాద్‌కు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు స్నేహితులతో కలిసి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లారు. వాళ్లలో ఒకరు విదేశం నుంచి తెచ్చిన చాక్లెట్లు దారిలో పిల్లలకు పంచారు. అంతే! వాళ్ల కారు తర్వాతి ఊరు చేరేలోపే వాళ్ల ఫొటోలు ఆ ఊరి ఫోన్లలోకి చేరిపోయాయి. ముర్కి గ్రామం దగ్గర దారి కాసిన గుంపు చేతిలో ఆ యువకుడు చనిపోయాడు. అడ్డుపడిన పోలీసులూ దెబ్బలు తిన్నారు.

చాక్లెట్లు పంచడమే నేరమైతే, వేసవి సెలవుల్లో బైబిలు తరగతులు నడిపే మన సండే స్కూలు టీచర్లందరూ నేరస్తులే కదా!

ఇందులో మరీ బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. అప్పట్లో దేశమంతా తిరిగిన ఒక వీడియోలో, మోటారు సైకిల్ మీద వచ్చిన మనిషి వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ని ఎత్తుకుపోతాడు. అసలు ఆ వీడియో పాకిస్తాన్‌లోని కరాచీలో తల్లిదండ్రులను అప్రమత్తం చేయడానికి తీసిన చిన్న ప్రచార చిత్రం. దాని చివర్లో ఆ మనిషి తిరిగొచ్చి పిల్లవాణ్ని దింపేసి, పిల్లల్ని కనిపెట్టుకోండని చెప్పే అట్ట చూపిస్తాడు. ఎవరో ఆ చివరి భాగాన్ని కోసేశారు. పిల్లల భద్రత కోసం తీసిన చిత్రం, ఆ చివరి భాగం పోగానే, మనుషుల్ని చంపించే ఆయుధమైంది. సగం నిజం పూర్తి అబద్ధం కన్నా ప్రమాదకరమని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

ఆ వారాల్లో మన సంఘాల గ్రూపుల్లోనూ ఆ హెచ్చరికలు తిరిగాయి. పంపినవాళ్లలో మనమూ ఉన్నాం. మనం ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు, నిజమే. కానీ ఆ చేతులకు పని చెప్పిన మాటను మోసినవాళ్లలో మన వంతు ఎంత?

ఒకే వచనంలో రెండు ఆజ్ఞలు

ఈ ప్రశ్నకు లేవీయకాండం 19వ అధ్యాయంలో జవాబుంది. పొరుగువాణ్ని నీలాగే ప్రేమించమన్న ఆజ్ఞ ఆ అధ్యాయం 18వ వచనంలో ఉందని మనలో చాలామందికి తెలుసు. దానికి రెండు వచనాల ముందు ఏముందో అంతగా పట్టించుకోం. 16వ వచనంలో దేవుడు రెండు సంగతులు పక్కపక్కనే పెట్టాడు. ఒకటి, ప్రజల మధ్య కొండెములు మోసుకుంటూ తిరగవద్దు. రెండు, తోటివాని ప్రాణానికి హాని తేవద్దు. కొండెమెక్కడ, ప్రాణహాని ఎక్కడ? మన దృష్టిలో ఒకటి నోటి పొరపాటు, రెండోది ఘోర నేరం. దేవుని దృష్టిలో ఆ రెండూ ఇరుగుపొరుగు ఇళ్లు. ఒక ఇంట్లో మాట బయల్దేరితే పక్కింట్లో రక్తం చిందుతుందని ఆయనకు ముందే తెలుసు.

ఆ వచనంలోని రెండో భాగాన్ని యూదా బోధకులూ, బైబిలు అనువాదకుల్లో చాలామందీ మరో విధంగా కూడా గ్రహించారు. పొరుగువాని ప్రాణం ప్రమాదంలో ఉంటే చూస్తూ నిలబడవద్దని దాని భావమని వాళ్లంటారు. అలా చదివితే ఆ వచనం మనల్ని రెండువైపులా పట్టుకుంటుంది. తెలియని మాటను మోయడమూ తప్పే, తెలిసిన ప్రమాదాన్ని చెప్పకపోవడమూ తప్పే. ‘ఎందుకొచ్చిన గొడవ, ఇకమీదట ఏదీ పంపను’ అని ఫోన్ పక్కన పడేసినంత మాత్రాన మన బాధ్యత తీరిపోదన్నమాట.

వదంతికి బలైనవాళ్ల వారసులం

క్రైస్తవులమైన మనం ఈ విషయంలో మిగతావాళ్ల కన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఎందుకంటే మన ఆత్మీయ పితరులే వదంతులకు బలైనవాళ్లు. క్రీ.శ. 64లో రోమా నగరం కాలిపోయినప్పుడు నీరో చక్రవర్తి ఆ నింద క్రైస్తవుల మీద వేశాడు. రెండో శతాబ్దంలోనైతే ఇంకా ఘోరమైన మాట పుట్టింది. క్రైస్తవులు రహస్యంగా కూడుకుని పసిపిల్లల్ని చంపి తింటారని చెప్పుకునేవారు! ప్రభురాత్రి భోజనం గురించి బయటివాళ్ల చెవిన పడిన ముక్కలు చిలవలు పలవలై అంతదాకా వెళ్లాయి. 2018లో చాక్లెట్లు పంచినవాళ్ల మీద పడిన నింద, 1800 ఏళ్ల కిందట మన మీద పడిన నింద ఒకటే! పరాయివాడు మన పిల్లల్ని ఏదో చేస్తాడన్న భయమే రెండింటికీ మూలం.

కార్తేజి నగరానికి చెందిన తెర్తుల్లియన్ క్రీ.శ. 197 ప్రాంతంలో ‘అపాలజీ’ అనే గ్రంథంలో ఈ నిందలకు జవాబు రాశాడు. ఆయన వాదన సారాంశం ఇది. మా మీద ఇంత పెద్ద నేరం మోపుతున్నారు, మరి ఒక్కసారైనా విచారించారా? వదంతి అన్నది రుజువు కానంతవరకే బతుకుతుంది, రుజువైతే అది వదంతి కాదు, వాస్తవం. నోటి నుంచి నోటికి పోయేకొద్దీ ఎవరో ఒకరు దానికి కొంత కలుపుతూనే ఉంటారు. మొదట పుట్టించినవాడు ఎవరో ఎవరికీ గుర్తుండదు. ఇదంతా మన చేతిలోని ఫోన్‌కు ఎంత చక్కగా సరిపోతుందో చూడండి. ‘నాకు వచ్చింది, పంపాను’ అంటాం. అందరికీ వచ్చిందే, అందరూ పంపిందే. పుట్టించినవాడు మాత్రం కనిపించడు.

నిజానికి ఈనాటికీ కొత్త ఊరికి వెళ్లి కరపత్రాలు పంచే మన సువార్తికుడు ఆ ఊరికి పరాయివాడే. మొహం తెలియని మనిషి మీద ఒక ఫొటోతో నింద వేయడాన్ని మనం ఈరోజు మామూలు సంగతిగా తీసుకుంటే, రేపు ఆ ఫొటోలో ఉండేది మన పాస్టరు గారు కావచ్చు, మన అబ్బాయి కావచ్చు.

దండు కదిలింది, అయితే ముందు పదిమంది వెళ్లారు

మరి కబురు వచ్చినప్పుడు ఏం చేయాలి? యెహోషువ గ్రంథం 22వ అధ్యాయం ఈ పాఠం నేర్పుతుంది. కనాను స్వాధీనమయ్యాక రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు యొర్దాను అవతల ఉన్న తమ స్వాస్థ్యానికి తిరిగి వెళ్తూ నది దగ్గర ఒక పెద్ద బలిపీఠం కట్టారు. ఆ కబురు మిగతా గోత్రాలకు చేరింది. వాళ్లు దేవునికి ఎదురు తిరిగారు, వేరే బలిపీఠం కట్టుకున్నారని ఇశ్రాయేలు సమాజమంతా షిలోహులో కూడింది, యుద్ధానికి సిద్ధపడింది. గమనించండి, ఆ కబురు అబద్ధం కాదు. బలిపీఠం కట్టిన మాట నిజం, దాన్ని చూసిన మాటా నిజం. దానికి చెప్పుకున్న అర్థమే తప్పు.

కత్తి దూయకముందు వాళ్లు ఒక మంచి పని చేశారు. యాజకుడైన ఫీనెహాసును, అతనితో గోత్రానికి ఒకరు చొప్పున పదిమంది పెద్దలను నది అవతలికి పంపారు. ఆ పెద్దలు గట్టిగానే నిలదీశారు. జవాబు విన్నాక వాళ్ల మనసు కుదుటపడింది. మా పిల్లలకూ మీ పిల్లలకూ మధ్య ఈ నది అడ్డుగా ఉంది, రేపు మీ పిల్లలు మా పిల్లలతో మీకు యెహోవాతో ఏం పని అంటారేమోనని భయపడి, మనందరి దేవుడు ఒక్కడేనని సాక్ష్యంగా దీన్ని కట్టాం, బలులు అర్పించడానికి కాదు అన్నారు వాళ్లు. పదకొండుమంది వెళ్లి అడగడం వల్ల సొంత సహోదరుల ఊచకోత తప్పింది. అడగకుండా బయల్దేరి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికే భయం వేస్తుంది.

2018లో మన గద్వాలలో జరిగింది ఇలాంటిదే. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, ఎండాకాలంలో ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం తలుపులు బిగించుకుని లోపలే ఉంటున్నారని తన సిబ్బంది ద్వారా తెలుసుకున్నారు. ఆరా తీస్తే ఫోన్లలో తిరుగుతున్న వీడియోలు, వాయిస్ మెసేజ్‌లు బయటపడ్డాయి. పోలీసులు ఊరూరా తిరిగి జనంతో మాట్లాడారు. డప్పు చాటింపు వేయించారు, జానపద కళాకారులతో పాటలు పాడించారు. అనుమానం వస్తే మాకు చెప్పండి, మీరు చెయ్యి చేసుకోవద్దని నచ్చజెప్పారు. ఆ జిల్లాలో ఈ పుకారుకు ఒక్క ప్రాణమూ పోలేదు. ఫోన్‌లో వచ్చిన భయాన్ని మనిషి ఎదురుగా వచ్చి చెప్పిన మాట తీసేసింది.

ఆ తర్వాత కొన్ని అడ్డుకట్టలు పడ్డాయి. 2018 జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయడానికి వీల్లేకుండా చేసింది. 2020 ఏప్రిల్ నుంచి, చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపగలం. అలాంటి సందేశం మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గుంపు హత్యకు ప్రత్యేకంగా 103వ సెక్షన్‌లో శిక్ష పెట్టారు. ఇవన్నీ మంచివే. కానీ కంపెనీ పెట్టిన హద్దు వేలిని ఆపుతుంది, చట్టం చేతిని ఆపుతుంది. మనసును ఆపాల్సింది దేవుని వాక్యమే.

చెప్పకపోవడం కూడా పాపమే

ఇక రెండో వైపు చూద్దాం. యెహెజ్కేలు 33వ అధ్యాయంలో కావలివాడు ఖడ్గం రావడం చూసి కూడా బూర ఊదకపోతే, చనిపోయినవాని ప్రాణానికి దేవుడు ఆ కావలివాణ్నే లెక్క అడుగుతానన్నాడు. ఇక్కడ ‘చూసి’ అన్న మాటను వదలకండి. కావలివాడు ఊదేది తాను చూసినదాని గురించి. ఎవరో ఎక్కడో చూశారట అని ఊదేవాడు కావలివాడు కాడు.

నిజమైన హెచ్చరిక ఎంత విలువైనదో మన కోస్తాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు పదివేల మందికి పైగా చనిపోయారు. 1990 మే నెలలో మళ్లీ కృష్ణా తీరాన్నే భయంకరమైన తుపాను తాకింది. ఈసారి ముందుగా కబురందింది, లక్షల మందిని ఖాళీ చేయించారు. మృతుల సంఖ్య వెయ్యిలోపే ఆగింది. సముద్రం అదే, తీరమూ అదే. మారిందల్లా నిజమైన కబురు సమయానికి ఇంటింటికీ చేరడమే.

హెచ్చరిక ఎలా చేరవేయాలో అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయంలో పౌలు మేనల్లుణ్ని చూసి నేర్చుకోవచ్చు. పౌలును చంపేదాకా అన్నపానాలు ముట్టబోమని నలభైమందికి పైగా ఒట్టు పెట్టుకున్నారు. ఆ కుట్ర ఈ యువకుని చెవిన పడింది. అతడు యెరూషలేము వీధుల్లో కేకలు వేయలేదు. నేరుగా కోటలోకి వెళ్లి పౌలుకు చెప్పాడు. పౌలు ఒక శతాధిపతిని పిలిచి అతణ్ని సహస్రాధిపతి దగ్గరికి పంపించాడు. ఎంతమంది, ఎక్కడ పొంచి ఉంటారు, ఏ సాకుతో పిలిపిస్తారు అన్నది ఆ యువకుడు స్పష్టంగా చెప్పాడు. సహస్రాధిపతి ఈ సంగతి ఎవరితోనూ అనవద్దని అతణ్ని పంపించివేసి, ఆ రాత్రే 470 మంది సైనికుల కాపలాతో పౌలును కైసరయకు పంపించాడు. ఒక యువకుడు సరైన సంగతిని సరైన మనిషికి సరైన సమయానికి చెప్పడం వల్ల అపొస్తలుని ప్రాణం దక్కింది. అదే యువకుడు ఆ మాటను ఊరంతా చాటి ఉంటే కుట్రదారులు ఇంకో దారి వెతుక్కునేవారు.

ఈనాడు మన ఇళ్లలోని పెద్దవాళ్లను పట్టి పీడిస్తున్న ‘డిజిటల్ అరెస్టు’ మోసాన్నే తీసుకోండి. పోలీసులమనో, సీబీఐ అనో వీడియో కాల్ చేసి, మీ పేరు మీద నేరం నమోదైందని బెదిరించి, గంటల తరబడి కదలనివ్వకుండా కూర్చోబెట్టి డబ్బు బదిలీ చేయించుకుంటారు. ఫోన్‌లో అరెస్టు చేయడం అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబర్‌లో ‘మన్ కీ బాత్’లో ఈ మాట చెప్పారు. ఈ మోసగాళ్లు మొట్టమొదట పెట్టే షరతు ఏమిటి? ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దు అని! పక్కింటివాళ్లకు ఒక్క మాట చెబితే తమ ఆట కట్టని వాళ్లకు తెలుసు. 2024లో హైదరాబాద్‌లో ఒక బ్యాంకు సిబ్బంది, హడావుడిగా డబ్బు తీయడానికి వచ్చిన ఖాతాదారు కంగారును గమనించి, నిదానంగా మాట్లాడి, 1930కు ఫోన్ చేయించి ఆయన కష్టార్జితాన్ని కాపాడారు. పొరుగువాడంటే అదీ!

ఇలాంటివాటికి దొంగల ముఠా వీడియోలకు ఉన్నంత ఆకర్షణ ఉండదు. అందుకే మన గ్రూపుల్లో అంతగా తిరగవు. ఒంటరిగా ఉండే అత్తయ్య గారి ఇంటికి మధ్యాహ్నం ఒకసారి వెళ్లి, ‘ఎవరైనా పోలీసులమని ఫోన్ చేసి భయపెడితే పెట్టేసి నన్ను పిలవండి, డబ్బు పోతే వెంటనే 1930కు చెప్పాలి’ అని నెమ్మదిగా వివరించడం వంద ఫార్వర్డ్‌లకు సమానం.

సంఘంగా మనం చేయగలిగింది

కొన్ని కట్టుబాట్లు మనకు మనమే పెట్టుకుందాం. ఊరి పేరు, తేదీ, చెప్పినవారి పేరు లేని హెచ్చరికను ముందుకు పంపవద్దు. తేదీ, ఊరు ఎంత ముఖ్యమో 2019 డిసెంబర్‌లో చూశాం. రాత్రివేళ ఒంటరిగా ఉన్న స్త్రీలను ఉచితంగా ఇంటికి చేర్చే ఏర్పాటు పంజాబ్‌లోని లూధియానా పోలీసులు చేశారు. ఆ నంబరు మాత్రం ఊరు పేరు లేకుండా దేశమంతా తిరిగింది. మంచి మనసుతోనే పంపారు అందరూ. కానీ నడిరాత్రి మన చెల్లెలు ఆ నంబరుకు ఫోన్ చేస్తే మోగేది లూధియానాలో! ఆపద వేళ ఏ ఊళ్లోనైనా పనిచేసే నంబరు 112. పిల్లల విషయమైతే 1098. వీటిని ప్రతి ఇంట్లో పిల్లలతో సహా అందరికీ నోటికి వచ్చేలా చేయండి.

పరాయివాళ్ల ఫొటోను నిందతో కలిపి ఎప్పుడూ పంపవద్దు. అనుమానం నిజమే అనిపిస్తే పౌలు మేనల్లునిలా స్టేషన్‌కు చెప్పండి, గ్రూపుకు కాదు. గ్రూపు నడిపే యౌవనస్థులు ఫీనెహాసు పని చేయాలి. సందేశం రాగానే దాన్ని పంపిన అమ్మగారికో అయ్యగారికో విడిగా ఫోన్ చేసి, ‘ఇది మీరు చూశారా అండీ, ఎవరు చెప్పారు?’ అని మర్యాదగా అడగాలి. నలుగురిలో తప్పు పట్టి చిన్నబుచ్చవద్దు. తప్పు కబురు పంపినట్టు తెలిస్తే, ఏ గ్రూపులో పంపామో అదే గ్రూపులో, ‘నేను పంపింది నిజం కాదు, క్షమించండి’ అని రాద్దాం. దాన్ని గుట్టుగా తుడిచేయడం ఒప్పుకోలు కాదు, దాచిపెట్టడం. పాపపు ఒప్పుకోలు గురించి ప్రతి ఆదివారం వింటున్న మనకు ఆ ఒక్క వాక్యం ఎందుకంత బరువు?

నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగినప్పుడు ప్రభువు చెప్పిన ఉపమానంలో గాయపడినవాని పేరు లేదు, ఊరూ లేదు. అతనికి సాయపడిన సమరయుడేమో అందరూ అనుమానించే పరాయివాడు. ఈరోజు మన ఫోన్‌కు వచ్చే ఫొటోలో ఉన్నదీ అలాంటివాళ్లే. బిచ్చమెత్తుకునే తల్లి, దారి తప్పిన వృద్ధుడు, భాష రాని కూలీ, చాక్లెట్ ఇచ్చిన బాటసారి. మన పిల్లల్ని కాపాడమని మనకు అప్పగించిన దేవుడే వాళ్లనూ మనకు అప్పగించాడు.

యొర్దాను తీరాన ఆ గోత్రాలవారు కట్టిన బలిపీఠానికి సాక్ష్యం అని అర్థం వచ్చే పేరు పెట్టారు. మన చేతుల మీదుగా పొరుగింటికి వెళ్లే ప్రతి కబురూ అలాగే మన గురించి సాక్ష్యం చెబుతుంది. సత్యమైన దేవుణ్ని ఆరాధించేవాళ్ల నోట వచ్చిందంటే అది సత్యమై ఉంటుందని మన వీధివాళ్లు, వాళ్లు ఏ మతస్థులైనా సరే, నమ్మగలిగే రోజు రావాలి. ఈ వారం వచ్చే మొదటి హెచ్చరికతోనే అది మొదలుపెడదాం. పంపే ముందు ఒక్కసారి ఆగుదాం, అడుగుదాం, నిజమైతే తప్పక చెబుదాం. ప్రభువు మన పెదవులకూ మన వేళ్లకూ కావలి ఉండును గాక.